మా నాయనల కష్టం ఏ జిల్లా లెక్క?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ అడిగారు. క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి, లక్ష్యసాధన గురించి ప్రతి ఏటా ఎవరో ఒకరు బాగానే రాస్తున్నారు. మేము ఇప్పుడు పీజీలో అర్థశాస్త్రం చదువుతున్నాం. మా ఇండ్లల్లో డిగ్రీ పట్టా మొదట మా చేతికే వచ్చింది. అందుకే ఇంట్లో ఎవరూ అడగని, క్లాసులో మాత్రం రోజూ వినపడే ఒక ప్రశ్న గురించి రాయాలనుకున్నాం. ఒకే రాష్ట్రంలో ఒక జిల్లా ధనిక జిల్లా, ఇంకొకటి పేద జిల్లా ఎట్లా అవుతాయి? ఇది పరీక్షల్లో పది మార్కుల ప్రశ్నే. కానీ దీనికి జవాబు మన ట్రంకు పెట్టెల దగ్గరే మొదలవుతుంది.

దీపావళి తర్వాత హాస్టల్

మనది పాత పాలమూరు జిల్లా. 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలుగా విడిపోయింది. 2019లో నారాయణపేట కూడా వేరే జిల్లా అయింది. పేర్లు ఎన్ని మారినా మన హాస్టల్ క్యాలెండర్ మాత్రం మారలేదు. జూన్‌లో అడ్మిషన్లు. దసరాకు ఇంటికి పోతాం. దీపావళి దాటినంక కొందరి ఇండ్లకు తాళాలు పడతాయి.

ఖరీఫ్ పంట చేతికొచ్చినా రాకపోయినా ఆ నెలలోనే గుంపు మేస్త్రి ఊళ్లోకి వస్తాడు. అప్పటికి వడ్డీలు మీద పడి ఉంటాయి కాబట్టి అడ్వాన్సు తీసుకోక తప్పదు. ఒకరు పుణె, ఒకరు ముంబై, ఒకరు బెంగళూరు. ఈ మధ్య ఎక్కువ మంది హైదరాబాద్ పోతున్నారు. సెంట్రింగు పని, మట్టి పని, కేబుల్ కాలువలు తవ్వే పని. మా జిల్లా నుంచి ముంబైకి ఆర్టీసీ బస్సు నడిచేదంటే వేరే జిల్లాల మిత్రులు నమ్మరు. ఆ బస్సులో టూరిస్టులు ఎక్కేవాళ్లు కాదు. బియ్యం మూటలు, పార, తట్ట, చంకలో పిల్లలతో మనవాళ్లే ఎక్కేవాళ్లు.

హాస్టల్ సీటు దొరికిన పిల్లవాడు ఇక్కడ ఆగిపోయాడు. దొరకనివాడు తల్లిదండ్రుల వెంట పోయాడు. మా బ్యాచ్‌లో ఉన్నవాళ్లందరం ఆ ఆగిపోయిన పిల్లలమే. మా ఊళ్లలో ఐదో తరగతి దాకా మాతోపాటు కూర్చొని, మాకన్నా బాగా ఎక్కాలు చెప్పినవాళ్లు ఇప్పుడు మేస్త్రీలుగా, డ్రైవర్లుగా పనిచేస్తున్నారు. తెలివిలో తేడా ఏమీ లేదు. వాళ్లకు దొరకనిది, మాకు దొరికింది ఒక ఇనుప మంచం, మూడు పూటల తిండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాయన పక్క ఊరి వాళ్లకు మమ్మల్ని చూపించి, "మా పిలగాడు పట్నంల పెద్ద సదువు సదువుతుండు" అంటాడు. అదే పట్నంలో ఆయన పదేళ్లు సిమెంటు మోశాడు. ఆ పదేళ్లను మాత్రం ఎవరికీ చెప్పుకోడు.

లవం ఒక జిల్లాలో, హారం ఒక జిల్లాలో

పీజీలో చేరినంక జిల్లాల తలసరి ఆదాయం పట్టిక మొదటిసారి చూశాం. తెలంగాణ ప్రభుత్వం ఏటా వేసే సామాజిక ఆర్థిక నివేదికలో అది ఉంటుంది. అందులో రంగారెడ్డి జిల్లా అందరికన్నా పైన ఉంటుంది. నారాయణపేట, వికారాబాద్ వంటి జిల్లాలను ఎంతో కింద వెతుక్కోవాలి. వికారాబాద్ 2016 వరకు రంగారెడ్డి జిల్లాలోనే భాగం. ఒక గీత గీయగానే ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి.

తలసరి ఆదాయం ఎట్లా లెక్కిస్తారో తమ్ముళ్ల కోసం చెబుతాం. జిల్లాలో ఒక ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువను ఆ జిల్లా జనాభాతో భాగిస్తారు. వినడానికి సులువుగా ఉంది. కానీ ఇందులో గమనించవలసిన విషయాలు మూడున్నాయి.

మొదటిది, ఆదాయాన్ని అది పుట్టిన చోట లెక్కగడతారు కానీ చేరిన చోట కాదు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట రంగారెడ్డి జిల్లాలోవి. అక్కడ ముప్పై అంతస్తుల భవనం లేస్తే ఆ నిర్మాణం విలువ రంగారెడ్డి ఖాతాలో పడుతుంది. దానికి స్లాబులు పోసిన చేతులు మక్తల్‌వి, కొడంగల్‌వి, అచ్చంపేటవి. ఆ మనుషుల ఇల్లు, ఓటు, రేషన్ కార్డు ఊళ్లోనే ఉంటాయి. ఇంటి దగ్గర జనాభా లెక్కకు ఎక్కిన ప్రతి వలస కూలీ విషయంలోనూ చిత్రం ఒక్కటే. ఆయన చేసిన పని లవంలో అక్కడ కలుస్తుంది, ఆయన తల హారంలో ఇక్కడ కలుస్తుంది. ఆరో తరగతి పిల్లవాడిని అడిగినా చెబుతాడు, లవం పెరిగితే భిన్నం పెరుగుతుంది, హారం పెరిగితే తగ్గుతుంది అని. మా నాయనల కష్టం వాళ్ల సొంత జిల్లాను కాగితం మీద ఇంకా పేద జిల్లాగా చూపిస్తున్నది!

రెండోది, గీతలు ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి సగటు మారుతుంది. షాద్‌నగర్, కొత్తూరు ప్రాంతం 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. హైదరాబాద్‌కు దగ్గర, జాతీయ రహదారి మీద ఉంది కాబట్టి ఫ్యాక్టరీలు అక్కడ వచ్చాయి. జిల్లాల విభజనలో ఆ ప్రాంతం రంగారెడ్డిలో కలిసింది. ఆమనగల్లు, తలకొండపల్లి వైపు కూడా అటే పోయింది. ఉదయం లేచేసరికి ఒక ఫ్యాక్టరీ కూడా కదలలేదు, ఒక కూలీ జీతం కూడా మారలేదు. జిల్లాల ఆదాయాలు మాత్రం మారిపోయాయి. మనకు పెద్ద ఫ్యాక్టరీల ప్రాంతమంటే జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ వంటివే మిగిలాయి.

మూడోది సగటు చేసే మోసం. ఒక ఊళ్లో పది ఇండ్లు ఉన్నాయనుకోండి. తొమ్మిది ఇండ్లకు ఏడాదికి 50 వేల చొప్పున వస్తుంది. పదో ఇంటికి 15 లక్షలు వస్తుంది. మొత్తం 19 లక్షల 50 వేలు, సగటు లక్షా 95 వేలు. ఆ తొమ్మిది ఇండ్లలో ఏ ఒక్క ఇంటికీ ఆ సగటులో సగం కూడా లేదు. కాబట్టి రంగారెడ్డి జిల్లాలో పుట్టిన ప్రతి మనిషీ ధనవంతుడని అనుకోవద్దు. ఆ జిల్లా హాస్టళ్లలో కూడా మనలాంటి పిల్లలే ఉన్నారు.

వానల తప్పేనా?

మన జిల్లా ఎందుకు వెనుకబడింది అని అడిగితే చిన్నప్పుడు మాకు వచ్చిన జవాబు "కరువు ప్రాంతం" అని. వానలు తక్కువ, నేలలు తేలికవి, ఆముదం, జొన్న, కంది, వేరుశనగ తప్ప ఏమీ పండవు అన్నారు. ఇది సగం నిజం. మిగతా సగం తెలుసుకోవాలంటే మ్యాపు చూడాలి.

కృష్ణా నది తెలంగాణలో మొదట అడుగుపెట్టేది నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర. తుంగభద్ర అలంపూర్ పక్కనుంచి పోతుంది. రెండు పెద్ద నదుల మధ్య ఉన్న జిల్లా కరువు జిల్లా ఎట్లా అయింది? నది లోతులో పారుతుంది, పొలాలు ఎత్తులో ఉన్నాయి అనేది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ డబ్బు పెట్టారన్నది.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణా మీద విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టా జిల్లాలకు అప్పటినుంచి కాలువ నీరు ఉంది. పంట మిగిలింది. మిగిలిన డబ్బుతో రైస్ మిల్లులు, వ్యాపారాలు, బడులు, కాలేజీలు వచ్చాయి. ఆంధ్రా బ్యాంకు 1923లో మచిలీపట్నంలో పుట్టిందంటే అది ఊరికే జరగలేదు. ఒక తరం మిగులు తర్వాతి తరానికి చదువైంది. ఆ చదువు ఉద్యోగాలైంది. అక్కడి పేద కూలీకి ఇవన్నీ అందాయని మేము అనడం లేదు. కానీ జిల్లాకు ఒక పునాది పడింది. మనకు అదే పని నూరేళ్ల తర్వాత మొదలైంది.

తుంగభద్ర మీద రాజోలిబండ మళ్లింపు పథకం కింద గద్వాల, అలంపూర్ ప్రాంతంలో 87,500 ఎకరాలకు నీరు రావాలి. చివరి పొలాలకు సరిగా వచ్చిన సంవత్సరాలు తక్కువ. 1956లో హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు ఎగువన అనుకొన్న ప్రాజెక్టుల ఆశ మన జిల్లాకు పోయింది. ఈ మాట మేము కల్పించి చెబుతున్నది కాదు. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ 1973లో ఇచ్చిన తీర్పులోనే ఉంది. ఆ రాష్ట్రం విడిపోకుంటే మహబూబ్‌నగర్‌కు సాగునీరు దక్కే అవకాశం ఉండేదని గుర్తించి, ఆ కారణంతోనే జూరాల ప్రాజెక్టుకు 17.84 టీఎంసీలు కేటాయించింది. జూరాలకు 1981లో శంకుస్థాపన జరిగితే నీళ్లు చూడడానికి 1990ల దాకా ఆగవలసి వచ్చింది. దాని కింద సాగయ్యేది లక్ష ఎకరాల పైచిలుకు మాత్రమే. ఇంకోవైపు శ్రీశైలం జలాశయం కింద 1980ల మొదట్లో మన జిల్లా, కర్నూలు జిల్లా ఊళ్లు ఎన్నో మునిగిపోయాయి. కొల్లాపూర్ వైపు నుంచి మన హాస్టల్‌కు వచ్చిన అన్నలను అడగండి. తాతల ఊరి పేరు చెబుతారు, చూపించడానికి ఊరు ఉండదు.

కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్లు 2010 తర్వాత మెల్లమెల్లగా చెరువులకు రావడం మొదలైంది. మా కళ్లముందే కొన్ని ఊళ్లలో వరి నాట్లు పెరిగాయి. ఎప్పుడూ పోయేవాళ్లలో కొందరు ఆగిపోయారు. కొందరైతే బయటి జిల్లాల నుంచి నాట్లకు కూలీలు వస్తున్నారని ఆశ్చర్యపోతూ చెబుతారు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో శంకుస్థాపన చేశారు. 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర మొదటి మోటారు నడిపారు. పొలాలకు నీళ్లిచ్చే కాలువల పని ఇంకా మిగిలే ఉంది. నీళ్లు వచ్చిన చోట వలస తగ్గింది. దీన్నిబట్టి ఏమి తెలుస్తుంది? వెనుకబాటు అనేది నుదుటి రాత కాదు. మనుషులు చేసినది, మనుషులే మార్చగలిగినది.

ఉన్నచోటికే అన్నీ పోతాయి

గున్నార్ మిర్దాల్ అనే స్వీడన్ ఆర్థికవేత్త 1957లోనే ఈ సంగతి వివరించాడు. 1974లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పింది మన మాటల్లో ఇది. ఒకచోట కొంచెం ముందు అభివృద్ధి మొదలైతే చుట్టుపక్కల నుంచి పనిచేసే వయసు మనుషులు, డబ్బు, చదువుకొన్నవాళ్లు అటే పోతారు. దాంతో అది ఇంకా పెరుగుతుంది, ఇది ఇంకా తగ్గుతుంది. అభివృద్ధి దానంతట అదే అన్ని వైపులకూ పాకదు. కొంత పాకుతుంది, పాకినదానికన్నా లాక్కునేది ఎక్కువ. ప్రభుత్వం పనిగట్టుకొని అడ్డుపడితే తప్ప ఆ తేడా తగ్గదు.

మన ఊరి నుంచి ఒక ఉదాహరణ చూడండి. బ్యాంకులో మన డ్వాక్రా అమ్మలు పొదుపు చేస్తారు. పెద్ద అప్పులు ఇచ్చేది పట్నంలో. మన పిల్లలు డిగ్రీ చేస్తారు. ఉద్యోగం పట్నంలో. మంచి డాక్టరుకు పోస్టింగు ఇస్తే నెల తిరగకముందే డిప్యుటేషన్ మీద పట్నం పోతాడు. మనకు మిగిలేది ముసలివాళ్లు, చిన్నపిల్లలు, తాళాలు. 2008లో పాలమూరు యూనివర్సిటీ, 2016లో మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ వచ్చాయి. అవి ఇరవై ఏళ్లు ముందు వచ్చి ఉంటే ఎంతమంది చదువు మధ్యలో ఆగకపోయేదో! 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి జిల్లా అక్షరాస్యత 55 శాతం, హైదరాబాద్ 83 శాతం. ఇప్పటి గద్వాల జిల్లా పరిధిలో చూస్తే 50 కూడా దాటలేదు. ఇద్దరిలో ఒకరికి సంతకం రాదన్నమాట.

ఇది మన ఒక్కరి కథ కాదని కూడా చెప్పాలి. యూనివర్సిటీలో అనంతపురం, శ్రీకాకుళం మిత్రులు పరిచయమైనంక మాకు తెలిసింది, పేద జిల్లాలన్నీ ఒకే బంధువర్గం అని. అనంతపురం వాళ్లు బెంగళూరు పోతారు, శ్రీకాకుళం వాళ్లు గుజరాత్ తీరానికి పోతారు. 2018 నవంబరులో వేరావల్ నుంచి చేపల వేటకు పోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇండ్లకు చేరలేదు. సొంత తీరంలో సరైన హార్బరు, సరైన ధర ఉంటే అంత దూరం ఎందుకు పోతారు? కాబట్టి ఇది ఒక ప్రాంతం మనుషులకూ ఇంకో ప్రాంతం మనుషులకూ మధ్య కొట్లాట కాదు. డెల్టాలో కౌలు రైతు, పాలమూరు గుంపు కూలీ ఎదురుపడితే ఇద్దరి చెప్పులూ ఒకేలా అరిగి ఉంటాయి.

చేసినవి ఏమిటి, మిగిలినవి ఏమిటి?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనడం సులువు, కానీ అది నిజం కాదు. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1973 ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, ఇవన్నీ ప్రాంతాల మధ్య న్యాయం కోసమే వచ్చాయి. అమలు సరిగా జరగలేదన్న బాధ పెరిగి పెరిగి 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి 2006-07లో దేశంలో 250 జిల్లాలకు మొదలైంది. అందులో మనదీ ఉంది. 2015లో దాన్ని ఆపేశారు. రాష్ట్ర విభజన చట్టం కింద హైదరాబాద్ తప్ప పాత తొమ్మిది జిల్లాలకు ఏడాదికి 450 కోట్లు, అంటే జిల్లాకు 50 కోట్లు అనుకొన్నారు. జిల్లా మొత్తం మీద పంచితే ఇంటికి ఎంత వస్తుందో తమ్ముళ్లు ఒకసారి లెక్క చేయండి.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మొదటి విడత 200 జిల్లాల్లో మన జిల్లా కూడా ఉంది. ఊళ్లో వంద రోజుల పని సరిగా దొరికి, డబ్బులు సమయానికి పడిన ఏడు మా అమ్మలు మేస్త్రి అడ్వాన్సు ముట్టలేదు. డబ్బులు మూడు నెలలు ఆలస్యమైన ఏడు మళ్లీ బస్సెక్కారు. పథకం మంచిదా చెడ్డదా అన్న చర్చ క్లాసులో గంట సేపు జరిగింది. మాకు మాత్రం ఈ రెండు సంవత్సరాల తేడానే జవాబుగా కనిపించింది.

ఇన్ని పథకాల మధ్య మా జీవితాలను నిజంగా మార్చింది ఏది అని అడిగితే మేము వెనకాముందూ చూడకుండా చెప్పేది, సాంఘిక సంక్షేమ హాస్టల్. జిల్లాల మధ్య అసమానత తగ్గించే పథకాల జాబితాలో మా పుస్తకాల్లో ఎక్కడా హాస్టల్ పేరు లేదు. అక్కడ రోడ్లు, పరిశ్రమలు, రాయితీలు ఉన్నాయి. కానీ తల్లిదండ్రులు ఆరు నెలలు లేని జిల్లాలో పిల్లవాడు బడిలో మిగలాలంటే హాస్టల్ కన్నా పెద్ద ప్రాజెక్టు ఏముంది? 2024 నవంబరులో మెస్ చార్జీలు పెంచారు. ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్లకు నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. అంటే రోజుకు 51 రూపాయలు. మా రోజుల కన్నా మేలే. మూడు పూటలకు 51 రూపాయలు సరిపోతాయా లేదా అన్నది మన కుక్, కామాటి అక్కలే చెప్పాలి. ఆ డబ్బులోనే కడుపు నింపిన వాళ్ల చేతులకు ఈ సందర్భంగా మా దండాలు.

ఒక చిన్న కాగితం, పెద్ద చిక్కు

తమ్ముళ్లు ఇప్పుడే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన రాష్ట్రంలో ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివామన్నదాన్ని బట్టి స్థానికత చూస్తారు. వెనుకబడిన జిల్లాల పిల్లలకు ఇది రక్షణ కవచం. కానీ మధ్యలో రెండేళ్లు పుణె ఇటుక బట్టీ దగ్గర గడిపిన పిల్లవాడికి ఆ రెండేళ్ల స్టడీ సర్టిఫికెట్ ఎవరిస్తారు? మా మిత్రుడొకడు నోటిఫికేషన్ పడినంక నివాస పత్రం కోసం ఒక కార్యాలయం చుట్టూ పద్దెనిమిది రోజులు తిరిగాడు. "ఇన్నేండ్లు యాడున్నవ్?" అని అడిగారట. వాడు ఈ జిల్లాలో పుట్టాడు, వాడి తల్లిదండ్రులు ఈ జిల్లా పేదరికం వల్లనే వలసపోయారు. ఆ పేదరికానికి మందుగా పెట్టిన నియమం దగ్గర వాడే పరాయివాడై నిలబడ్డాడు. కవచం ఎవరికోసం చేశారో వాళ్లకే పట్టకపోతే ఎట్లా?

అందుకే చెబుతున్నాం. మీ స్టడీ సర్టిఫికెట్లు, బోనఫైడ్లు ఏ ఏడువి ఆ ఏడు తీసుకొని ట్రంకు అడుగున భద్రంగా పెట్టుకోండి. బడి మారితే టీసీ తీసుకోకుండా కదలొద్దు. మీ ఊళ్లో అమ్మానాన్నల వెంట పోతున్న తమ్ముడు ఎవరైనా ఉంటే వాళ్ల ఇంట్లో ఈ సంగతి మీరే చెప్పండి. హెడ్మాస్టరు చెప్పినా వినని ఇల్లు, హాస్టల్ పిలగాడు చెబితే వింటుంది.

పోవాలా, రావాలా?

మా బ్యాచ్‌లో ఇప్పుడు రోజూ నడిచే వాదన ఒకటుంది. పీజీ అయినంక ఏం చేయాలి? పట్నంలోనే ఉద్యోగం చూసుకోవాలని కొందరు అంటారు. ఇంట్లో అప్పుంది, చెల్లె పెండ్లి ఉంది, త్యాగాలు చేసే స్తోమత మనకు లేదని వాళ్ల మాట. అది నిజమే. మొదటి పట్టా వచ్చిన ఇంట్లో ఆ పట్టా మీద పదిమంది ఆశలు ఉంటాయి. చదువుకొన్నవాళ్లమంతా పోతే మిర్దాల్ చెప్పింది మనమే నిజం చేసినట్టు కదా అని మిగతావాళ్లు అంటారు. జిల్లా నుంచి కూలీలు పోయారు, ఇప్పుడు పట్టాలు కూడా పోతున్నాయి. రేపు మన ఊళ్లో టీచరుగా, వ్యవసాయ అధికారిగా, బ్యాంకు మేనేజరుగా ఎవరు ఉంటారు? ఎవరో వచ్చి, ట్రాన్స్‌ఫర్ ఎప్పుడా అని రోజులు లెక్కపెట్టేవాళ్లేనా?

ఈ వాదన మాలో తెగలేదు. తెగుతుందని కూడా అనుకోవడం లేదు. ఎవరి ఇంటి పరిస్థితి వాళ్లది. పోయినవాళ్లను తప్పుపట్టం. మన తల్లిదండ్రులు పోయారు కాబట్టే మనం తిన్నాం. కానీ ఒక విషయం మీద మాత్రం అందరం ఒక్కమాట మీదికి వచ్చాం. ఎక్కడ ఉన్నా నవంబరు నెలలో ఒక్క ఆదివారం ఇక్కడికి రావాలి. ఎందుకు నవంబరు అంటే, ఇండ్లకు తాళాలు పడేది, పిల్లలు బడి మానేది అప్పుడే కాబట్టి. వార్షికోత్సవానికి వచ్చి దండలు వేయించుకొని పోయేకన్నా ఆ ఒక్క రోజు వస్తే మేలు.

మా ఆలోచన పెద్దదేమీ కాదు. పాత విద్యార్థులం ఇద్దరిద్దరం కలిసి తలా ఒక ఊరు తీసుకుంటాం. ఆ ఊళ్లో ఈసారి వలసపోతున్న ఇండ్లు ఎన్ని, ఆ ఇండ్లల్లో బడి వయసు పిల్లలు ఎందరు అని నోటు పుస్తకంలో రాసుకుంటాం. హాస్టల్‌లో ఖాళీలు ఉంటే వార్డెన్ సార్‌తో మాట్లాడి చేర్పిస్తాం. ఖాళీలు లేకపోతే ఆ జాబితానే దరఖాస్తుగా జిల్లా అధికారులకు ఇస్తాం. ఆడపిల్లల పేర్లు ముందు రాస్తాం. ఎందుకంటే ఇంటి దగ్గర చిన్న పిల్లలను చూసుకోవడానికి, వెంట పోయి వంట చేయడానికి మొదట బడి మానేది వాళ్లే. మాలో చాలామంది అక్కలు అట్లాగే ఆగిపోయారు. మాకు ఫీజు కట్టిన డబ్బులో వాళ్ల కూలి కూడా ఉంది. ఈ పట్టా మీద మా పేర్లు మాత్రమే ఉన్నాయి.

జిల్లా తలసరి ఆదాయం పెంచడం మా చేతిలో లేదు. కాలువలు తవ్వించడం, పరిశ్రమలు తేవడం ప్రభుత్వం పని. అది అడగడం, అడుగుతూనే ఉండడం మన హక్కు. కానీ ఒక ఊళ్లో ఐదుగురు పిల్లలు ఈ నవంబరులో బస్సెక్కకుండా ఆపడం మన చేతిలో ఉంది. ఆ ఐదుగురిలో ఇద్దరు డిగ్రీ దాకా వచ్చినా ఇంకో రెండు ఇండ్లల్లో మొదటి పట్టా వస్తుంది.

అన్నలారా, మీ ఊరి పేరు, మీకు వీలయ్యే ఆదివారం వార్డెన్ సార్ గదిలో పెట్టిన రిజిస్టరులో రాసి పోండి. తమ్ముళ్లారా, బాగా చదవండి, బాగా తినండి, రాత్రి స్టడీ అవర్‌లో నిద్రపోకండి. లెక్కల్లో భిన్నాలు మాత్రం శ్రద్ధగా నేర్చుకోండి. లవం ఎక్కడ ఉంది, హారం ఎక్కడ ఉంది అని అడగడం వచ్చినవాడిని ఏ పట్టికా మోసం చేయలేదు.